నోరులేని సాక్షి

పందెపుకోడి గుణము చెప్పుటకు మనకొక శాస్త్రమే కలదు. ఏ రంగు కోడి ఏ నక్షత్రమున గెలుచునో కుక్కుటశాస్త్రము చెప్పును. పలనాటి వీరుల కథలో వినవచ్చు ఆ పందెములు ఉండి, భీమవరము ప్రాంతముల సంక్రాంతి బరులలో నేటికిని సాగుచునే యున్నవి. కాలికి కత్తి కట్టిన కోడి నిమిషములలో నేలకొరగును. దాని పక్షమున సాక్ష్యము కూర్చుటకు వేఱొక విద్య వలయును. ఆ విద్యనుగూర్చి మేము శ్రోతలకు రెండు మాటలు మనవి చేయదలచితిమి.

దానికి ఆధారము 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. 1890 నాటి పాత చట్టము చాలదని శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో బిల్లు ప్రతిపాదింపగా, ప్రభుత్వమే పూనుకొని క్రొత్త చట్టము తెచ్చినది. 1962లో మదరాసున ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

చట్టమున్నంతమాత్రమున నేరము ఋజువు కాదు. కోళ్లను పోరునకు పురికొల్పుట నేరమే. పోరునకై బరి నడపుటయు నేరమే. కాని ఈ రెంటిలో పోలీసులు వారంటు లేక పట్టుకొనదగినది రెండవదే. ఈ భేద మెఱుగని అధికారి పెట్టిన కేసు నిలువదు. మూడు మాసములు దాటినచో కేసు పెట్టుటకే వీలులేదు. కానిస్టేబులుకు పైస్థాయి పోలీసు అధికారి జంతువును స్వాధీనపఱచుకొని పశువైద్యునిచే పరీక్షింపజేయవచ్చును. గాయము కత్తిదా, ముక్కుదా, ఎప్పటిదా యని వైద్యుడు వ్రాసిన కాగితమే ఆ మూగజీవికి నోరు.

చాలినంత మేత, నీరు, నీడ ఇయ్యకుండుటయు నేరమే. అందు నెత్తురు కానరాదు. డొక్కలెండిన గేదెను చూచిన అధికారి అది రోగమో, ఉపేక్షయో తేల్చవలెను. గాడి చూడవలెను, కుడితితొట్టి చూడవలెను, ప్రక్కనున్న పశువును చూడవలెను.

లండనులో 1824లో పుట్టిన సంఘము ఈ పనికే పరీక్షాధికారులను పెట్టి తర్ఫీదు నిచ్చుచున్నది. మన దేశమున శిక్షణకై హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జాతీయ సంస్థ నెలకొల్పబడినది. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు కోడిపందెముల నరికట్టుటకు మండలమున కొక తనిఖీ బృందము నేర్పఱుపుమని ఆదేశించినది. తహసిల్దారు, సబిన్‌స్పెక్టరు, జంతుసంక్షేమ ప్రతినిధి అందు సభ్యులు.

తొలి తప్పునకు 1960 చట్టము విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు. లక్షలు చేతులు మారు బరికి అది లెక్కలోనిది కాదు. కావున జరిమానాకన్న, కత్తి కట్టకమున్నే బరి చేరగల అధికారియే కోడికి రక్ష. ఏమి చూడవలెనో, ఏమి వ్రాయవలెనో అతనికి ముందుగా నేర్పుటయే శిక్షణ ప్రయోజనము.