విద్యుత్తంత్రియు గమకమును

సంగీతవిద్యయందు నూతనవాద్యము ప్రవేశించినపుడెల్ల మనలో రెండు పక్షము లేర్పడుచుండును. పరదేశీయము గావున త్యాజ్యమని యొక పక్షము. నూతనము గావున గ్రాహ్యమని వేఱొక పక్షము. రెండును విచారశూన్యము లని మేము తలంచుచున్నాము. మన గుంటూరుసీమ కింత పేరు దెచ్చిన మిరప యమెరికా ఖండమున బుట్టి పోర్చుగీసువారి యోడలలో మన దేశమునకు వచ్చినది కాదా? అది లేని యావకాయ నెవ్వరైన నూహింపగలరా? ఈ నేలకును, ఈ నాలుకకును సరిపడినది గనుకనే యది మనదైనది.

వాద్యములకును నిదియే న్యాయము. ఐరోపానుండి వచ్చిన ఫిడేలును ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు నేర్చి కర్ణాటక సంగీతమున నెలకొల్పెను. హార్మోనియమును నటనుండియే వచ్చినది. కాని 1940లో అఖిలభారత రేడియోవారు దానిని నిషేధించిరి. 1971 వఱకు నా నిషేధము సడలలేదు. పుట్టుక రెంటికి నొక్కటియే. ఫిడేలు తీగపై వ్రేలు జాఱును, గమకము పలుకును. హార్మోనియము మెట్టున స్వరము బిగిసి యుండును, గమకము పలుకదు. భేద మంతయు నిందే కలదు.

ఈ పరీక్షకు మాండొలిన్‌ను నిలిపినవాడు ఉప్పలపు శ్రీనివాసు. ఇతడు 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు. బాలు డాఱేండ్ల ప్రాయమున మాండొలిన్ చేతబట్టి, 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచేరి చేసెను.

సామాన్యమగు మాండొలిన్‌కు నాలుగు జంటల తీగలుండును. జంటతీగలను సమముగా లాగి గమకము పలికించుట దుర్ఘటము; మీటిన నాద మంతలో నడగిపోవును. శ్రీనివాసు జంటలను విడిచి, యైదు ఒంటితీగలుగల విద్యుద్వాద్యమును గైకొనెను. అందు ఉక్కుతీగ క్రింద నయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్టయు నుండును. తీగ కంపింపగా చుట్టలో విద్యుత్తు పుట్టును. దానిని పెంచి లౌడుస్పీకరున వినిపింతురు. అడగిపోవు నాదము నిట్లు చెవికి నిలిపి గమకమున కవకాశ మిచ్చుటయే యిట విద్యుత్తు చేసిన యుపకారము. గొప్ప ధ్వని చేయుట మాత్రమే దాని ప్రయోజన మనుకొనుట పొరపాటు. మొదట సంశయించినవారును తోడిరాగ మా వాద్యమున విని తలయూచిరి.

అతడు శాస్త్రమును విడువక ప్రయోగములును జేసెను. మీటిన తీగ నాద మాగక సాగునట్లు గిటారును సవరించిన కెనడాదేశీయుడు మైకేల్ బ్రూక్‌తో గూడి 1995లో "డ్రీమ్" అను ధ్వనిముద్రణమును వెలువరించెను. 1998లో పద్మశ్రీ బిరుద మందెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్లకే, చెన్నపట్టణమున దివంగతు డయ్యెను.

వాద్యమునకు జెప్పిన న్యాయము వాదకునకును జెల్లును. నేటి ప్రకాశము జిల్లాలోని కరవదిలో 1924లో బుట్టిన షేక్ చినమౌలానాగారు మహమ్మదీయులు. తంజావూరు బాణి నాదస్వరమును సాధించి, శ్రీరంగమున స్థిరపడి, శిష్యులకు విద్య గఱపిరి. ఆయన జన్మ మెవ్వ రడిగిరి? నాదమునే యడిగిరి.

మన గృహస్థులలో బిడ్డ యేదేని వాద్యము గోరినపుడు "అది మన కులమునకు దగదు" అనియో, "ఆడపిల్ల కేల" అనియో, "ఆ వాద్యము నేర్పువారు మన యూర లేరు" అనియో మాన్పించువారు పెక్కండ్రు. మొదటి రెండు మాటలకు సమాధాన మీయనక్కఱలేదు. మూడవదానికి శ్రీనివాసుని గురువే సమాధానము. చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులగు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడెడివారు, బాలుడు దానిని తీగపై పలికించెడివాడు. గురువున కెఱుకలేని వాద్యము శిష్యుని చేత శాస్త్రీయ మయ్యెను. పత్తియు మిరపయు నమ్మిన యేట బిడ్డల పెండ్లిండ్లకు వేలు వ్యయించు మన మండలమువారు, పాడగల యొక గురువును, బిడ్డ కోరిన యొక వాద్యమును సమకూర్చుట యసాధ్య మని పలుకుట న్యాయము గాదు.