దొరగారి గుర్రం, మా పెదనాన్న గుడాలు

సెప్టెంబరు 29 దగ్గరపడితే పత్రికలవాళ్లకు గుండె గుర్తొస్తుంది. ప్రపంచ హృదయ దినోత్సవం 2000లో మొదలైనప్పుడు ఆ నెల చివరి ఆదివారం జరిపేవారు. తర్వాత తేదీ ఖాయం చేశారు. అలాగే ఉండనిస్తే మా ఆదివారం అనుబంధానికి సుఖంగా ఉండేది. "కొలెస్టరాల్ ఉన్నవాళ్లు సాయంత్రం పూట తినదగ్గది ఏదైనా చూడండి, బుధవారానికి కావాలి" అన్నారు ఎడిటర్ గారు. నేనుండేది సికింద్రాబాద్ తిరుమలగిరిలో. ఇక్కడ చిరుతిండి అంటే నూనె మూకుడే. కాని ఇదే ఊళ్లో గుండెకు మేలుచేసే తిండి ఒకటి ఒకప్పుడు పెద్దపెద్ద గంగాళాల్లో రోజూ ఉడికేది. తిన్నది మాత్రం మనుషులు కాదు.

ఉలవల సంగతి చెబుతున్నాను.

బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి కొత్తరాతియుగపు పల్లెల్లో నాలుగు వేల ఏళ్ల కిందటే జనం ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకున్నారు. తవ్వకాల్లో మాడిన గింజలు బయటపడ్డాయి. ఆ తర్వాత శాతవాహనులు వచ్చారు, కాకతీయులు వచ్చారు, కుతుబ్‌షాహీలు వచ్చారు. ఉలవ మాత్రం వానలు మొహం చాటేసినా మెట్టచేలో తన పని తాను చేసుకుపోయింది. రాజుల విందుల గురించి రాసినవాళ్లు దీన్ని పట్టించుకోలేదు. మనమూ ఒక్క గెంతులో 1798కి వచ్చేద్దాం.

ఆ ఏడాది నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాల మకాంకు 1806లో అప్పటి నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. 1857 తిరుగుబాటు తర్వాత దొరలకు భయం పట్టుకుని తిరుమలగిరిలో కందకం తవ్వి, రాతికట్టు కట్టుకున్నారు. వాళ్ల నాలుక మీద మన ఊరు 'ట్రిముల్‌ఘెరీ' అయింది. పటాలం అంటే గుర్రాలు. రౌతుల గుర్రాలు, ఫిరంగులు లాగే గుర్రాలు, ఆఫీసర్ల పోలో గుర్రాలు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇవన్నీ కళ్లున్న గుర్రాలాయె.

ఉత్తరాదిలో గుర్రానికి సెనగలు, దక్షిణాదిలో ఉలవలు. నానబెట్టి, మెత్తగా ఉడకబెట్టి, చల్లార్చి పెట్టాలి. ఈ గుగ్గిళ్ల పని గుర్రపువాడిది. వాడు దాణాలో చేతివాటం చూపిస్తాడని దొరలకు ఎప్పుడూ అనుమానమే. గుర్రం మూతి కదిలేదాకా దొరగారో దొరసానో పక్కనే కాపలా. నాకు ఆ గుర్రపువాడి మీదే జాలి. తన గంగాళంలో ఉడికే తిండి మీద తనకే హక్కు లేదు. పిడికెడు నోట్లో వేసుకుంటే దొంగతనం.

ఉలవకు ఇంగ్లీషులో 'హార్స్ గ్రామ్' అని గుర్రం పేరే అంటించారు. 'గ్రామ్' అన్న మాట మాత్రం వాళ్లది కాదు, గింజ అనే అర్థంలో పోర్చుగీసువాళ్లు వదిలివెళ్లింది. 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'గ్రామ్-ఫెడ్' అనే పదం కూడా ఉంది. దాణా పెట్టి మేపిన పొట్టేలు మాంసానికి మొదట ఆ పేరు. తర్వాత గారాబంగా పెరిగిన మనిషినీ అలాగే అన్నారట. ఉలవలు తినడం భోగమని ఒప్పుకున్న భాష అదొక్కటేనేమో.

1896 నవంబరులో బెంగళూరు నుంచి నాలుగో హుస్సార్లు అనే అశ్వదళం జట్టు వచ్చి హైదరాబాద్‌లో గోల్కొండ కప్పు పోలో గెలుచుకుపోయింది. జట్టులో ఇరవై ఒక్కేళ్ల విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు. ఆ గెలుపు గురించి ఆయన తన ఆత్మకథలో మురిసిపోతూ రాసుకున్నాడు. దాణా సంగతి ఎత్తలేదు. గెలిపించినది చర్చిలా, ఉలవలా అని నన్నడిగితే నేను గుర్రం పక్షం.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాలు పోయి మోటారు బండ్లు వచ్చాయి. మల్కాజిగిరి నుంచి బొల్లారం పోయే రైలు దారిలో కావలరీ బ్యారక్స్ అనే స్టేషన్ పేరు మిగిలింది. ఇక్కడి నుంచి కథ చెదిరిపోతుంది. 1937లో డాల్డా వచ్చింది. సమోసా, మిర్చి బజ్జీ, కర్రీపఫ్ వచ్చాయి. ఇప్పుడు పామాయిల్‌లో వేగిన చిప్స్ పొట్లం మీద కూడా గుండె బొమ్మ కనిపిస్తోంది. ఉలవల సంగతికొస్తే, కృష్ణా జిల్లాలో ఎద్దులకు గింజ పెట్టి, అవి ఉడికిన నీళ్లతో మనుషులు చారు కాచుకునేవారు. ఆ చారు ఇప్పుడు మీగడతో, బిర్యానీతో హోటళ్లకెక్కింది.

మా పెదనాన్నకు పోయిన నెల కొలెస్టరాల్ 240 దాటింది. డాక్టరు మాత్ర రాసి, బజ్జీలు బంద్ అన్నాడు. మాత్ర మానకుండానే ఉలవ గుడాలు మొదలుపెట్టాం. పావుకిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, పొద్దున కుక్కర్లో ఆరేడు కూతలు. పలుకు నొక్కితే చితకాలి. నీళ్లు వంపి దాచాలి. మూకుట్లో నూనె ఒక్క చెంచా, ఆవాలు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. ఉల్లి కాస్త మగ్గాక గుడాలు. ఉప్పు దగ్గర చెయ్యి బిగపట్టి, ఆ లోటు నిమ్మకాయతో, కొత్తిమీరతో తీర్చాలి. కొబ్బరి కోరు వేస్తే రుచే, కాని ఎవరి కోసం చేస్తున్నామో మరిచిపోకూడదు.

మన పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల ఉలవలకు మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములు, కొవ్వు గ్రాము లోపే. ఇందులోని పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడేస్తుంది. సెనగలు, బఠానీల వంటి పప్పుధాన్యాల మీద జరిగిన 26 ప్రయోగాలను కెనడా పరిశోధకులు 2014లో కూడి చూశారు. రోజుకు సుమారు 130 గ్రాములు తిన్నవాళ్లలో చెడ్డ కొలెస్టరాల్ 5 శాతం తగ్గింది. అద్భుతమేమీ కాదు. కాని బజ్జీ ఆ పని కూడా చేయదు.

గిన్నె ముందు పెడితే పెదనాన్న కాసేపు చూశాడు.

"ఏందిరా, నన్ను గుర్రాన్ని చేసిన్రా?"

"చర్చిల్ గుర్రం, పెదనాన్నా."

రెండు చెంచాలు తిన్నాడు. ఇంకొంచెం నిమ్మకాయ పిండించుకున్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"ఆ వంపిన నీళ్లేం జేసిన్రు?"

"రాత్రికి చారు."

"మరి వెన్న?"

పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. పెదనాన్న పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.