అమెరికా భోజనశాలల్లో మన వంట – కర్రీ నుంచి గోంగూర దాకా

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లోని మన సంఘ సభ్యుల్లో, కొడుకో కూతురో మనుమడో అమెరికాలో లేని ఇల్లు వెతికి పట్టుకోవలసిందే. ఆరు నెలలు అక్కడ ఉండి తిరిగి వచ్చిన ప్రతి పెన్షనరూ చెప్పే మాట ఒకటుంది: "అక్కడి తెల్లవాళ్ళు మన హోటళ్ళ ముందు వరుసలో నిలబడి మరీ తింటున్నారండీ" అని. ఆ మాటలో కొంత గర్వం, కొంత ఆశ్చర్యం. అయితే ఆ వరుస ఒక్కరోజులో ఏర్పడింది కాదు. దాని వెనుక చాలా పెద్ద చరిత్ర ఉంది. అందులో మన తెలుగువారి పాత్ర ఎప్పుడు మొదలయింది, మన కృష్ణా డెల్టా పంటకు అందులో ఏపాటి చోటు దక్కింది అన్నది ఈ ప్రత్యేక సంచిక పాఠకుల ముందు ఉంచాలని నా ప్రయత్నం.

అమెరికా వారికి మన వంట మనుషుల కంటే ముందు పుస్తకం ద్వారా, పొడి ద్వారా పరిచయమయింది. 1824లో మేరీ రాండాల్ఫ్ అనే వర్జీనియా రాష్ట్రపు ఇల్లాలు ప్రచురించిన వంటల పుస్తకంలో కర్రీ పొడి చేసే విధానం ఉంది. మన ఇంట్లో కూర అంటే విస్తట్లో ఒక మూల వడ్డించేది. పప్పు వేరు, పులుసు వేరు, పచ్చడి వేరు. కాని ఇంగ్లీషువారి నోట కర్రీ అన్న మాట స్థిరపడ్డాక మొత్తం దేశపు వంటంతా ఆ ఒక్క పేరు క్రిందికి వచ్చింది. కోడి వండినా, కూరగాయ వండినా ఒకే పొడి, ఒకే పేరు. ఆ పేరు వదిలించుకోవడానికి మన వంటకు నూరేళ్ళకు పైనే పట్టింది.

మనిషి ద్వారా పరిచయం 1899లో జరిగింది. న్యూయార్క్‌లో షెర్రీస్ అనే ధనవంతుల భోజనశాల ఉండేది. దాని యజమాని లండన్ నుంచి రంజీ స్మైల్ అనే వంటవాణ్ణి తీసుకువచ్చాడు. అతనిది కరాచీ ప్రాంతం. అతని వంట తినడానికి పెద్ద పెద్ద కుటుంబాల వారు వచ్చేవారు, పత్రికలు అతని గురించి వ్రాసేవి. కాని అదొక వింత లాగా సాగిందే తప్ప మన వంట ఆ దేశపు వీధిలోకి దిగలేదు. దిగకుండా చేసినవి అక్కడి చట్టాలు.

1917లో చేసిన చట్టం ఆసియా ఖండంలో చాలా భాగం నుంచి కూలి పనికి వచ్చేవారిని అడ్డుకున్నది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తీర్పు చెప్పింది. చదువు కోసం వెళ్ళేవారికి మాత్రం దారి ఉండేది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ 1923లోనే బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చాకిరీ చేశారు. అంతటి శాస్త్రవేత్తకు ఆ రోజుల్లో ఆ ఊళ్ళో తెలుగు భోజనం అన్నది ఊహలో మాట.

అదే కాలంలో ఓడల్లో బొగ్గు వేసే పనిలో ఉన్న బెంగాలీ నావికులు, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతం వారు, న్యూయార్క్ రేవులో ఓడ దిగి తిరిగి ఎక్కకుండా అక్కడే ఉండిపోయేవారు. వారిలో కొందరు చిన్న చిన్న భోజన హోటళ్ళు పెట్టారు. సామాన్యుడైన అమెరికావాడు మన అన్నం, మన మసాలా రుచి చూసింది ఇటువంటి పేదవాళ్ళ చేతి మీదుగా. 1946లో చట్టం కొంత సడలించి, పౌరసత్వానికి వీలు కల్పిస్తూ ఏడాదికి 100 మంది భారతీయులను రానిచ్చారు. ఇంత పెద్ద దేశం నుంచి ఏడాదికి వంద మంది!

అసలు మార్పు 1965 అక్టోబరు 3న వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టారు. జాతిని బట్టి కోటాలు పోయి, చదువుకు, నైపుణ్యానికి చోటు వచ్చింది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు, మన ఇంజనీర్లు, వ్యవసాయ శాస్త్రవేత్తలు వెళ్ళడం మొదలయింది. అయితే వీరు హోటళ్ళు పెట్టలేదు. ఇంట్లో వండుకుని తిన్నారు.

హోటళ్ళు పెట్టింది ఎక్కువగా ఇతరులు. 1960ల చివరి నుంచి న్యూయార్క్‌లోని ఈస్ట్ సిక్స్త్ స్ట్రీట్ అనే వీధిలో వరుసగా 'ఇండియన్' హోటళ్ళు వెలిశాయి. నడిపిన వారిలో ఎక్కువ మంది నేటి బంగ్లాదేశ్ ప్రాంతం వారు, వండినవి మాత్రం తందూరీ కోడి, నాన్ రొట్టె వంటి పంజాబీ పద్ధతి వంటలు. దేశ విభజన తరువాత ఢిల్లీ చేరిన పంజాబీ శరణార్థులు వాటిని హోటలు వంటలుగా ప్రసిద్ధిలోకి తెచ్చారు. ఆ విధంగా బెంగాలీ చేతితో వండిన పంజాబీ వంటకు 'ఇండియన్ ఫుడ్' అని పేరు పడింది. మధ్యాహ్నం ఇంత సొమ్మని తీసుకుని కావలసినంత వడ్డించుకోనిచ్చే బఫే పద్ధతి ఆఫీసు ఉద్యోగులకు బాగా నచ్చింది. తెలియని వంటకానికి డబ్బు వృథా అవుతుందన్న భయం లేదు కదా! వెన్న, టమాటా, మీగడ కలిపి కారం తగ్గించారు. 1973లో మధుర్ జాఫ్రీ వ్రాసిన వంటల పుస్తకం, హోటలు వంట వేరు, ఇంటి వంట వేరు అని అక్కడి చదువరులకు తెలియజెప్పింది.

దక్షిణాది వంటకు దారి వేసిన వాటిలో దేవాలయాలు ముఖ్యమైనవి. 1977లో న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి ఆలయం, పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి ఆలయం ప్రతిష్ఠ జరుపుకున్నాయి. తానా పుట్టింది కూడా ఆ ఏడాదే. పిట్స్‌బర్గ్ కొండ మీది పులిహోర, ఫ్లషింగ్ ఆలయం క్యాంటీన్ దోసె భక్తులతో పాటు ఇతరులకూ ప్రీతిపాత్రమయ్యాయి. మాంసం మానుకున్న అమెరికా వారికి ఇది వరంలా దొరికింది.

ఇక తెలుగు వంట తన పేరుతో బజారులోకి వచ్చింది 1990 తరువాతే. ఆ ఏడాది చట్టంతో హెచ్-1బి వీసా ఏర్పడింది. 2000 సంవత్సరానికి ముందు కంప్యూటర్లలో తేదీలు మార్చే పనికి మన పిల్లలు వేల సంఖ్యలో వెళ్ళారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగినట్లు అక్కడి జనగణన శాఖ లెక్కల ఆధారంగా తేల్చారు. పెళ్ళికాని కుర్రవాళ్ళు, వంట రాదు, నాలుక మాత్రం గుంటూరు జిల్లాది. వారి కోసం న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సాస్‌లోని ఇర్వింగ్ వంటి చోట్ల బిర్యానీ హోటళ్ళు పుట్టాయి. బావర్చీ, గోదావరి వంటి పేర్లతో ఊరూరా శాఖలు వచ్చాయి. మొదట మనవాళ్ళే తిన్నారు. తరువాత మనవాళ్ళ వెంట వారి ఆఫీసు స్నేహితులు వచ్చారు. ఆ తరువాత ఆ స్నేహితులు తమ ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చారు.

2016లో మేము దంపతులం న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఇది కళ్ళారా చూశాను. ప్రక్క బల్ల దగ్గర ఒక అమెరికా పెద్దాయన గోంగూర మాంసం తెప్పించుకుని, ఆ పేరు రెండుసార్లు తడబడి మూడోసారి సరిగ్గా పలికాడు. 'కర్రీ' అనలేదు, 'గోంగూర' అన్నాడు. మా ఇంటావిడ ముఖం వెలిగిపోయింది. అక్కడి సరుకుల దుకాణంలో 'సోనా మసూరి' అని అచ్చు వేసిన బస్తాలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. ఆ పేరు ఎక్కడిదో తెలుసా అని మా అబ్బాయిని అడిగాను. తెలియదన్నాడు.

మన పిల్లలకు చెప్పవలసిన సంగతి కనుక వ్రాస్తున్నాను. మసూరి మలేసియా నుంచి వచ్చిన వరి రకం. ఆ దేశంలోని లంకావి దీవి కథల్లోని మసూరి అనే స్త్రీ పేరు దానికి పెట్టారు. మన బాపట్ల పరిశోధన కేంద్రంలో సోనా రకాన్ని దానితో సంకరపరచి సోనా మసూరి సృష్టించారు. అదే బీపీటీ 3291. తరువాత 1986లో విడుదలైన సాంబ మసూరి బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. తెలంగాణలో రైతులు 'బీపీటీలు' అని పిలిచే సన్నాలు ఇవే. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ధాన్యం రిటర్నులు వ్రాసిన రోజుల్లో ఆ మూడక్షరాలు ఒక కాలమ్ మాత్రమే. నేడు అవి సముద్రాలు దాటిన అన్నం.

తెనాలి ప్రక్కనే దుగ్గిరాల పసుపు యార్డు మనందరికీ తెలిసిందే. పుండు మీద పసుపు అద్దడం మన అమ్మమ్మల నాటి వైద్యం. 1995లో ఆ పసుపు గుణం మీద అమెరికాలో పేటెంటు మంజూరయింది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలు చూపి వాదించగా 1997లో అది రద్దయింది. గమనించండి, గెలిపించింది వ్రాసి ఉన్న కాగితం. ఇప్పుడు అక్కడి కాఫీ హోటళ్ళలో పసుపు పాలు మంచి ధరకు అమ్ముతున్నారు. 'చాయ్ టీ' అని కూడా అమ్ముతారు, అంటే టీ టీ అన్నమాట!

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల కథ మరొకటి. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక మన రొయ్యకు అమెరికా అతి పెద్ద బజారయింది. అక్కడి కంచంలోకి ఎక్కువ రొయ్యలు వెళ్ళేది భారతదేశం నుంచే, అందులో సింహభాగం ఆంధ్ర తీరానిది. కాని తినేవానికి అది ఒట్టి రొయ్య, నిజాంపట్నం అన్న మాట ఎక్కడా ఉండదు. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ మన చెరువు గట్టు దాకా తగిలింది. పేరున్న సరుకును వెతుక్కుంటూ కొనేవాడు వస్తాడు. పేరు లేని సరుకయితే మరో దేశం నుంచి తెప్పించుకుంటాడు.

పేరు నిలుపుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2022లో నార్త్ కరోలినాలోని చాయ్ పానీ అనే చాట్ హోటలు ఆ దేశపు అత్యుత్తమ భోజనశాలగా జేమ్స్ బియర్డ్ అవార్డు గెలుచుకుంది. అదే ఏడాది న్యూయార్క్‌లోని సెమ్మకు మిషెలిన్ నక్షత్రం వచ్చింది. దాని వంటవాడు విజయ్ కుమార్ తమిళనాడు పల్లె మనిషి. చిన్ననాడు పొలాల్లో ఏరి తెచ్చుకున్న నత్తల వంటను కారం తగ్గించకుండా, పేరు మార్చకుండా న్యూయార్క్ బల్ల మీద పెట్టాడు. 2025లో జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా పొందాడు. నత్తలకే ఆ గౌరవం దక్కితే మన బొమ్మిడాయల పులుసుకు, చింతచిగురు రొయ్యలకు, మజ్జిగ పులుసుకు ఎందుకు దక్కదు?

కనుక మన సభ్యులకు, ముఖ్యంగా మన ఇళ్ళలోని సోదరీమణులకు ఒక మనవి. మన వంటల్లో కొలత అంటే 'తగినంత', సమయం అంటే 'వాసన వచ్చే దాకా'. ఆ తగినంత ఎంతో చేతికే తెలుసు, ఆ చేయి మనతోనే పోతుంది. రెండు వందల ఏళ్ళ క్రితం మేరీ రాండాల్ఫ్ కాగితం మీద పెట్టినందువల్లే కర్రీ అన్న పేరు అక్కడ అంతకాలం నిలిచింది. మన ఇంటి వంటలు గ్లాసులతో, గరిటెలతో కొలిచి, ఊరి పేరుతో సహా ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. ఒక ప్రతి అక్కడి పిల్లలకు పంపండి, ఒక ప్రతి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. ఫైలులో ఎక్కని సంగతికి విలువ లేదని ఉద్యోగం చేసినన్నాళ్ళూ మనమే అందరికీ చెప్పాం కదా.