కడలి నడుమ కళాశాల
అండమాన్ దీవుల్లో ఉన్నత విద్య, దాని ఫలితాలు

విద్య వలన కలిగే లాభాన్ని లెక్కగట్టడం తేలిక కాదు. పొలంలో వేసిన ఎరువు ఫలితం ఆ పంటలోనే తెలుస్తుంది. వలకూ పడవకూ పెట్టిన సొమ్ము కొద్ది కాలంలోనే తిరిగి వస్తుందో రాదో తేలిపోతుంది. కళాశాల చదువు అటువంటిది కాదు. దాని ఖర్చు ముందుగానే మీద పడుతుంది. ఫలితం మాత్రం ఏళ్ల తరబడి, కొంత ధనరూపంలోను, కొంత వ్యక్తిత్వ వికాస రూపంలోను నెమ్మదిగా చేకూరుతుంది. ఈ ఖర్చును పెట్టుబడిగా భావించాలని థియోడర్ షుల్జ్, గ్యారీ బెకర్ వంటి అర్థశాస్త్రవేత్తలు 1960 దశకంలో ప్రతిపాదించి, దానికి ‘మానవ మూలధనం’ అని పేరు పెట్టారు. విద్య దొంగలు దోచలేని ధనమని మన పెద్దలు ఏనాడో చెప్పిన మాట కూడా ఇంచుమించు ఇదే.

అయితే అండమాన్ నికోబార్ దీవుల విషయంలో ఈ లెక్కకు మరొక అంశం తోడవుతుంది. అది సముద్రం. కళాశాల సముద్రానికి ఆవల ఉన్నంతకాలం దాని లాభం ఓడ ఖర్చు భరించగల కొద్దిమందికే దక్కింది. అది దీవి గట్టుకు వచ్చిన తరువాతనే కూలి బిడ్డకూ, ఆడపిల్లకూ అందుబాటులోకి వచ్చింది. దీవుల విద్యాచరిత్రలోని సారాంశం ఇదే.

కాలాపానీ నాటి చదువులు

1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్టుబ్లెయిర్‌లో దిగినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వ ఉద్దేశం ఇక్కడ విద్యావ్యాప్తి గావించడం కాదు. అయినప్పటికీ, చదువుకున్నవారి కలం బలం ఆ శిక్షాస్థావరంలో కూడా తన ప్రయోజకత్వాన్ని చూపింది. 1864 నాటి అంబాలా కేసులో శిక్ష పడిన మౌలానా జాఫర్ థానేసరి 1866లో ఇక్కడికి చేరారు. అరెస్టుకు పూర్వం ఆయన అర్జీలు రాసే వృత్తిలో ఉన్నవారు. రాళ్లు కొట్టడం, అడవి నరకడం సాటి ఖైదీల వంతు కాగా, ఆయనకు కచేరీలో మున్షీ పని లభించింది. ఇక్కడే ఇంగ్లీషు నేర్చుకున్నారు. దొరలకు మన భాషలు బోధించారు. అర్జీలు రాసి ఆదాయం గడించారు. 1883లో విడుదలై వెళ్లిన పిదప తన అనుభవాలను ఉర్దూలో గ్రంథస్థం చేశారు. ఇంగ్లీషు చదువు తన చూపును విశాలం చేసిందనీ, అదే సమయంలో భక్తిని సడలించిందనీ ఆయన భావించారు. చదువు జీవనోపాధిని మాత్రమే కాక మనిషినే మారుస్తుందన్న సత్యం ఈ దీవుల చరిత్రలో అంత తొలినాళ్లలోనే నమోదు కావడం గమనార్హం.

సెల్యులర్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. అల్లూరి సీతారామరాజు అనుచరులైన రంప పోరాట యోధులలో కొందరు ఈ దీవుల్లో శిక్ష అనుభవించారు. వారిలో ఒకరైన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1930 దశకంలో బెంగాల్ మొదలైన రాష్ట్రాల నుండి వచ్చిన రాజకీయ ఖైదీలలో చాలామంది కళాశాల చదువును మధ్యలో విడిచిన యువకులు. 1933 మే నెలలో వారు నిరాహార దీక్ష ప్రారంభించారు. మంచి తిండితో పాటు చదువుకోవడానికి దీపం, పుస్తకాలు కావాలన్నది వారి ముఖ్యమైన కోరికలలో ఒకటి. ఆ దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. ఆ త్యాగానంతరం దీపాలు వెలిగాయి, పుస్తకాలు వచ్చాయి. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి విషయాలలో తెలిసినవారు తెలియనివారికి పాఠాలు చెప్పారు. పట్టాలు ఇవ్వకపోయినా, ఈ దీవుల్లో ఉన్నత విద్యకు ఆది ఆ జైలు గదుల్లోనే జరిగిందని చెప్పవచ్చు.

ఒక విద్యావంతుడు, ఒక జాతి

చదువుకున్న ఒక్క వ్యక్తి వలన సమాజానికి ఎంత మేలు కలుగుతుందో తెలియడానికి కార్ నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్ జీవితం చాలును. బాల్యంలోనే ఆయన సముద్రం దాటి బర్మాలోని మాండలేలో చదువుకున్నారు. 1912లో స్వద్వీపానికి తిరిగి వచ్చి ఉపాధ్యాయులయ్యారు. నికోబారీ భాషకు వాచకం కూర్చారు. బైబిలును ఆ భాషలోకి అనువదించారు. 1950లో బిషప్ అయ్యారు. 1952లో ఈ దీవుల తరఫున లోక్‌సభకు నియమితులైన మొదటి సభ్యుడు ఆయనే. మాండలేలో ఆయన చదువుకైన ఖర్చు ఎంతో గాని, దాని ప్రతిఫలం ఒక జాతి మొత్తానికి లభించింది.

దీనికి విరుద్ధమైన అధ్యాయం కూడా ఉన్నది. 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు సాగిన జపాన్ ఆక్రమణ కాలంలో చదువుకున్నవారిపై గూఢచారులన్న అనుమానం బలంగా పడింది. వైద్యుడు, పంజాబీ కవి అయిన డాక్టర్ దివాన్ సింగ్ చిత్రహింసలకు గురై 1944 జనవరిలో మరణించారు. ఆ నెలలోనే హంఫ్రీగంజ్‌లో నలభై నలుగురిని కాల్చి చంపారు. అప్పుడప్పుడే రూపొందుతున్న విద్యావంతుల వర్గాన్ని యుద్ధం ఆ విధంగా చిన్నాభిన్నం చేసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దీవులు ఇంచుమించు మొదటి నుండి ప్రారంభించవలసిన స్థితిలో ఉన్నాయి.

ఓడ ఖర్చు

1951లో ఈ దీవుల జనాభా 30,971 మాత్రమే. 1971 నాటికి అది 1,15,133కు పెరిగింది. తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం భూములిచ్చి స్థిరనివాసం కల్పించింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మనవారు మత్స్యకారులుగా, కూలీలుగా, నిర్మాణ కార్మికులుగా వచ్చి స్థిరపడ్డారు. పోర్టుబ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటలు తెలుగు మాటతో నిండిపోయాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో ప్రతి వందమందికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాల్గవ స్థానం తెలుగుది.

ఈ కుటుంబాల పిల్లలు పాఠశాల చదువు ముగించిన తరువాత ఏం చేయాలి? 1967కు ముందు దీవులలో కళాశాల లేదు. విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. మద్రాసుకు గాని, కలకత్తాకు గాని దూరం దాదాపు అంతే. ఓడ ప్రయాణానికి మూడు రోజులు పట్టేది. కళాశాల రుసుముకు తోడు ఓడ టిక్కెట్టు, వసతి, భోజనం ఖర్చులు భరించాలి. ఇంట్లో సంపాదించే రెండు చేతులు కూడా తగ్గిపోతాయి. కూలితో బతికే తండ్రికి అది శక్తికి మించిన భారం. ఆడపిల్లను ఒంటరిగా సముద్రం దాటించడానికి చాలా ఇళ్లలో మనస్సు అంగీకరించలేదు.

ఇటువంటి దూరం తెలుగువారికి కొత్త కాదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడేవరకు మన విద్యార్థులు పట్టాల కోసం మద్రాసు విశ్వవిద్యాలయం వైపే చూడవలసి వచ్చింది. విద్యాలయం దగ్గరకు వచ్చినప్పుడు దాని మెట్లెక్కే మనుషులు కూడా మారుతారని మనకు స్వానుభవం ఉన్నది.

1967, ఆ తరువాత

1967లో పోర్టుబ్లెయిర్‌లో ప్రభుత్వ కళాశాల నెలకొన్నది. అదే నేటి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం. తొలుత దానిని చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి అనుబంధించారు. హిమాలయాల పాదాల చెంతనున్న విశ్వవిద్యాలయం బంగాళాఖాతంలోని విద్యార్థులకు పట్టాలివ్వడం విచిత్రమే అయినా, ఆ పట్టా దేశమంతటా చెల్లింది. 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయ పరిధిలోకి ఈ దీవులను చేర్చడంతో కళాశాల ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఆ తరువాత మాయాబందరులో మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల, రాజధానిలో టాగూర్ విద్యా కళాశాల, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరిట సాంకేతిక విద్యాసంస్థ తమ వంతు సేవలు అందించాయి. 2015లో నూరు సీట్లతో వైద్య కళాశాల ప్రారంభమైంది. 2024లో నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. ఒకనాడు డిగ్రీ చదువుకే ఓడ ఎక్కిన దీవిలో వైద్య విద్య కూడా అందుబాటులోకి రావడం సామాన్యమైన మార్పు కాదు.

ధనరూపమైన ఫలితం

కళాశాల చదువు ఆర్థికంగా గిట్టుబాటు అవుతుందా? దీవుల్లో ప్రధాన ఉపాధి ప్రభుత్వోద్యోగమే గనుక కేంద్ర వేతన శ్రేణులను ఆధారం చేసుకుని ఒక చిన్న లెక్క వేయవచ్చు. 7వ వేతన సంఘం సిఫార్సుల మేరకు 2016 నుండి పన్నెండవ తరగతి అర్హతగల గుమాస్తాకు ప్రారంభ మూలవేతనం 19,900 రూపాయలు. డిగ్రీ, బి.ఎడ్. అర్హతగల ఉపాధ్యాయునికి 44,900 రూపాయలు. తేడా నెలకు 25,000, సంవత్సరానికి 3 లక్షలు.

డిగ్రీకి మూడేళ్లు, బి.ఎడ్.కు రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు. ఆ కాలమంతా గుమాస్తాగా పనిచేసి ఉంటే లభించే మూలవేతనం 11,94,000 రూపాయలు. భత్యాలను, వార్షిక పెంపుదలలను పక్కన పెడితే ఆ నష్టం ఇంచుమించు నాలుగేళ్ల సర్వీసులో భర్తీ అవుతుంది. ఆ తరువాతి పాతికేళ్ల తేడా పూర్తిగా లాభమే. అయితే ఇల్లు విడిచి వెళ్లవలసి వస్తే ఐదేళ్ల వసతి, ప్రయాణ ఖర్చులు కూడా నష్టం వైపు చేరతాయి. గిట్టుబాటు అంతమేరకు ఆలస్యమవుతుంది. అప్పు చేయవలసిన కుటుంబానికైతే ఆ ఆలస్యమే చదువు మానుకోవడానికి చాలిన కారణం. దగ్గరలోని కళాశాల వలన పేదవానికి కలిగే లాభం ఇదే.

అయితే ఉద్యోగం లభించినప్పుడే ఈ లెక్క నిజమవుతుంది. దీవుల్లో ప్రభుత్వ పదవులు పరిమితం. పట్టాదారుల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. పట్టాను గుమాస్తా కొలువుకు టిక్కెట్టుగా మాత్రమే భావించే కుటుంబానికి నిరాశ తప్పకపోవచ్చు.

మరోవైపు, చదువు లేని పనికి భరోసా ఎంతటిదో కూడా ఈ దీవులు చూశాయి. 1883లో స్థాపితమైన చాథం రంపపు మిల్లు కాలం నుండి కలప పరిశ్రమ వేలాదిమందికి అన్నం పెట్టింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు సహజారణ్యాలలో చెట్ల నరికివేతను కట్టడి చేసింది. అడవుల రక్షణకు ఆ తీర్పు అవసరమైనదే. కాని అడవి పని తప్ప మరొకటి ఎరుగని కుటుంబాలు దిక్కు తోచక నిలిచాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పడవలను, కొబ్బరి తోటలను, పంటభూములను తుడిచిపెట్టింది. అటువంటి వేళ వృత్తి మార్చుకోగల శక్తి ఇంట్లో చదువుకున్న బిడ్డ వలన వస్తుంది. ఆ శక్తి జీతం లెక్కలో కనపడదు.

అంకెలకందని ఫలితం

ధనం ఒక్కటే కొలమానం కాదు. తండ్రి తన అర్జీని వేరొకరి చేత రాయించుకున్న కచేరీలోనే బిడ్డ కుర్చీలో కూర్చుని అర్జీలు పరిశీలించడం ఒక కుటుంబానికి ఎంత ఆత్మగౌరవాన్ని ఇస్తుందో అంకెలు చెప్పలేవు. 2011లో దీవుల అక్షరాస్యత 86.63 శాతం, అందులో స్త్రీలది 82.43 శాతం. అక్షరాస్యత నుండి పట్టా వరకు సాగిన ఆడపిల్ల పెళ్లి వయస్సును, సంతానం చదువును, ఇంటి ఖర్చును గురించి తన మాట తాను చెప్పగలుగుతుంది. బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ, నికోబారీ, రాంచీ కుటుంబాల పిల్లలు ఒకే బల్లపై కూర్చునే కళాశాల, ఈ ‘మినీ భారతా’నికి నిజమైన సంగమస్థానం.

ఈ సందర్భంలో మన భాష సంగతి విస్మరించరాదు. ప్రభుత్వ పాఠశాలల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమానికి కూడా చోటు లభించింది. కాని కళాశాల గడపలో తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇంగ్లీషు ఒక రెండవ సముద్రంగా ఎదురవుతుంది. ఆ భయంతో తల్లిదండ్రులు ముందుగానే తెలుగును విడిచిపెడుతున్నారు. కళాశాలలో తొలి సంవత్సరాన ఇంగ్లీషులో అదనపు శిక్షణ, గ్రంథాలయాలలో తెలుగు పుస్తకాలు, తెలుగు సంఘాల ద్వారా ఉపకార వేతనాలు కల్పించినట్లయితే, భాష విడవకుండానే పట్టా పొందవచ్చునన్న నమ్మకం వారికి కలుగుతుంది.

1967 నుండి నేటివరకు జరిగిన కృషి కళాశాలను దీవి గట్టుకు చేర్చింది. ఇక మిగిలింది ఆ చదువును దీవుల అవసరాలతో జోడించడం. ఇక్కడి సముద్రాన్ని, పగడపు దిబ్బలను, మత్స్యసంపదను, ఆరోగ్యాన్ని, భాషలను శాస్త్రీయంగా అధ్యయనం చేసే పని ఎంతో ఉన్నది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడ సముద్రశాస్త్ర అధ్యయన విభాగాన్ని నెలకొల్పడం ఆ దిశలో సరైన అడుగు. జంగ్లీఘాట్‌లో వల విసిరే తండ్రికి సముద్రం గురించి తెలిసినదంతా, ఆయన బిడ్డ కళాశాలలో నేర్చిన శాస్త్రంతో కలిసినప్పుడు, ఆ పట్టా కొలువు కోసం ఎదురుచూసే కాగితంగా మిగలదు. అది ఆ ఇంటికీ, ఈ దీవికీ ఉమ్మడి ఆస్తి అవుతుంది.