గుడ్ల కాపలా నుంచి వల దాకా

 అమెరికా రొయ్యల మార్కెట్‌కూ, ఆంధ్ర తీరంలోని కళింగపట్నం ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేలు పెట్టే గుడ్లకూ ముడి ఉంది.

మొదట వచ్చింది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్రపు తాబేళ్లకు మొదటి షెడ్యూలులో చోటు దక్కింది. గుడ్లు తవ్వే కుక్కలకూ నక్కలకూ చట్టమేం తెలుసు? 1970లలోనే మద్రాసులో సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్ బృందం రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లు సేకరించసాగింది. 1988లో అక్కడి విద్యార్థులు ఆ పనికి సొంత సంఘమే పెట్టుకున్నారు.

ఆంధ్ర తీరంలో విశాఖకు చెందిన జంతు సంరక్షణ సంఘం వీఎస్‌పీసీఏ వంటి సంస్థలు ఈ పని చేపట్టాయి. 2002లో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకార యువకులనే కాపలాకు పెట్టింది. అసలు మలుపు ఇదే. తీరాన పుట్టి పెరిగినవాడికి ఇసుకలో తాబేలు జాడ ఇట్టే దొరుకుతుంది. గూటికి వంద పైచిలుకు గుడ్లు. వాటిని కుదుపు లేకుండా బుట్టకెత్తి, కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో అంతే లోతు గోతిలో పూడుస్తారు. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకొస్తాయి. వీధి దీపాల వెలుగుకు దారి తప్పకుండా వాటిని కడలికి చేర్చడం చివరి పని.

ఇంత చేసినా తల్లులు ట్రాల్ వలల్లో చిక్కి, ఊపిరాడక చస్తున్నాయి. దీనికి విరుగుడు టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్). వలలో ఏటవాలుగా బిగించిన కడ్డీల చట్రం ఇది. రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు కడ్డీలకు తగిలి పైనో కిందో ఉండే ద్వారం గుండా బయటపడుతుంది. ఇలాంటి రక్షణ లేకుండా పట్టిన రొయ్యల దిగుమతిని అడ్డుకుంటూ అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్ మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. ఆ చట్టాన్ని అమలు చేసిన తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది కానీ, తాబేళ్ల రక్షణ ధ్యేయాన్ని అది తప్పుపట్టలేదు. ఆ చట్టం కిందే 2019లో మన సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపులు మూసేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. కానీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం జనవరి నుంచి మార్చి దాకా. ఆ మూడు నెలలూ ట్రాలర్లు తీరానికి దూరంగా ఉండి, ప్రతి వలకూ టెడ్ బిగిస్తే తప్ప, కడలిలోకి వదిలిన పిల్లల లెక్క చూసి మురిసిపోవడానికి లేదు.