మెడా, భుజమా?

మా తమ్ముడి కూతురికి లండన్‌లో ఉద్యోగం. సెలవులకు వస్తూ ఓ లావుపాటి పుస్తకమూ, దాంతోపాటు ఇటలీ ద్రాక్షతోటల చరిత్రలు రెండూ పట్టుకొచ్చింది. లావుపాటి దాని అట్ట చూసి చీరల కేటలాగు కాబోలనుకుని ఆత్రంగా తెరిచాను. తీరా చూస్తే పాత వైను సీసాల వేలంపాట పుస్తకం! "ఇదేమిటే మన ఇంట్లోకి?" అంటే, "చదువత్తా, నీకు చరిత్రంటే ఇష్టంగా" అంది. చుక్క ముట్టనిదాన్ని, వారం రోజులు వాటితోనే గడిపానంటే నమ్మండి.

సీసా సీసాకీ వైను మెడ దాకా ఉందా, భుజం దాకా దిగిందా అని రాసి ఉంది అందులో. బిరడా ఎంత గట్టిదైనా ఏళ్ళు గడిచేకొద్దీ లోపలిది కాస్త కాస్త తగ్గుతుందిట. మరీ తగ్గిందంటే లోపలికి గాలి చేరిందని అనుమానం. రుచి చూసి కొందామా అంటే, బిరడా తీసిన సీసాకి ఇక వేలమేముంది? కాబట్టి మట్టం చూసి, ముద్ర చూసి, ఇన్నాళ్ళూ ఏ నేలమాళిగలో పడుకుందో విచారించి వేలు, లక్షలు పోస్తారు. మన పెళ్ళిచూపులు నయం!

ఈ వేలాల్లో చాలాకాలం ఫ్రాన్సు సీసాలదే పెత్తనం. ఇటలీ వాళ్ళకు పెద్దపీట వేసింది ఆలస్యంగానే. అలాగని వాళ్ళకు చరిత్ర లేదా అంటే, బోలెడుంది. పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలో సంగతే చూడండి. తియ్యగా ఉండే ఆ వైను 19వ శతాబ్దంలో ఇప్పటి రూపానికొచ్చింది. ఆ ఘనత ఎవరిదన్నది చరిత్రకారులు తేల్చుకోలేదు గానీ, జనం నోట్లో నానే పేరు మాత్రం జూలియా ఫలెట్టి. ఫ్రాన్సులో పుట్టి ఇటలీ కోడలైంది. టూరిన్ జైల్లో ఆడఖైదీల దగ్గరికి వెళ్ళి చదువు చెప్పిన ఇల్లాలు. జైలు నుంచి వచ్చిన రచయిత సిల్వియో పెల్లికోకి తన ఇంట కొలువిచ్చింది. పిల్లలు లేరు, 1864లో పోతూ ఆస్తంతా ధర్మానికి రాసింది. రాజు రుచి చూస్తానంటే, ఉపవాసాల నలభై రోజులూ తీసేసి రోజుకొకటి లెక్కన 325 పీపాలు పంపిందని చెప్పుకుంటారు. కథే కావచ్చు, కానీ ఆ నలభై తీసెయ్యడం ఉంది చూశారూ, అది ఆడవాళ్ళ లెక్క!

ఇక టస్కనీలో మొంతాల్చీనో అనే కొండమీది ఊరు. అక్కడ బియొండి సాంటి కుటుంబం 1888 పంటతో చేసిన బ్రునెల్లో సీసాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధం ఊరి మీదికి వస్తుంటే, ఆ ఇంటి టాంక్రెడి పాత సీసాలను గోడ కట్టి దాచాడు. 1970లో సాక్షులను కూర్చోబెట్టి, మట్టం తగ్గిన సీసాలను తెరిచి, అదే ఏటి వైనుతో నింపి మళ్ళీ బిరడా కొట్టించాడు. అంటే తక్కినవి నిండాలంటే ఒక సీసా బలి కావాలన్నమాట. నింపిన సీసా పాతదేనా అని పోగుచేసేవాళ్ళలో వాదం. జాడీలో ఈ ఏటి ఆవకాయ మీద నిరుటిది వేస్తే తప్పుగానీ, అదే ఏటిది వేస్తే తప్పేముందని నా పక్షం. కానీ కన్నూ చెయ్యీ పడని సీసాయే కావాలనేవారి మాటా కొట్టిపారెయ్యలేను. డబ్బిచ్చేది నమ్మకానికేగా!

ఆ ఊళ్ళోనే 2012 డిసెంబరులో జరిగింది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిలాన్ నుంచి వచ్చి తోట పెంచిన జాన్‌ఫ్రాంకో సోల్దెరా నేలమాళిగలో ఎవడో దూరి పీపాల కుళాయిలు తిప్పేశాడు. 62,600 లీటర్లు, 2007 నుంచి ఆరేళ్ళ పంట, కాలవ పాలు. ఒకప్పుడు అక్కడ పనిచేసినవాడే చేశాడని కోర్టు తేల్చింది. తోటి రైతులు తమ వైను ఇస్తామన్నారు. తన పేరు మీద ఇంకొకరి వైను అమ్మనన్నాడు ఆ పెద్దమనిషి. అమ్మడానికి సరుకు లేకపోయినా సరే! 2019లో కన్నుమూశాడు.

సెలవులైపోయి వెళుతూ పుస్తకాలు సర్దుకుంటున్న మేనకోడల్ని, "ఇన్ని లక్షలు పోసి కొన్నవాళ్ళు ఎప్పుడు తాగుతారే?" అని అడిగాను.

"చాలామంది తాగరత్తా. మళ్ళీ వేలంలో పెడతారు" అంది.