బండమీది గిన్నెగుంటలు: గుర్తించుట, నమోదు చేయుట

కాశీపూర్ కొండలపై పశువులను కాచే పిల్లలకు తెలియని బండ ఉండదు. ఏ బండ నీడ మధ్యాహ్నం దాకా నిలుస్తుందో, ఏ బండ గుంటలో వాన నీరు నాలుగు రోజులు ఆగుతుందో వారికి కంఠస్థం. ఆ గుంటలలో కొన్ని ఎండావానలు తొలిచినవి, కొన్ని మన అవ్వలు చోళ్ళు దంచినవి. మరికొన్ని మాత్రం చరిత్రకు పూర్వమే మానవుడు రాతితో రాతిని కొట్టి మలచినవి కావచ్చు. పురావస్తు శాస్త్రజ్ఞులు కప్ మార్కులు, కప్యూల్స్ అని వ్యవహరించే ఈ చిన్న గుంటలను ఈ వ్యాసంలో గిన్నెగుంటలు అందాం.

తెలుగు నేలపై వీటికి ప్రసిద్ధమైన ఉదాహరణ కృష్ణానది ఒడ్డున, నేటి నారాయణపేట జిల్లాలోని ముడుమాల్. అక్కడ పన్నెండు నుండి పద్నాలుగు అడుగుల ఎత్తైన నిలువురాళ్ళు సుమారు 80 ఉన్నాయి. ఒక రాతిని ఊరివారు ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ ప్రాంగణంలోనే నిలబెట్టిన ఒక పలకరాతిపై ముప్పై వరకు గిన్నెగుంటలున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు వాటిని కాగితంపైకి ఎక్కించి చూడగా సప్తర్షి మండలం రూపు కనిపించింది. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. అది నక్షత్ర పటమని తెలిసింది బండను చూసినందువల్ల కాదు, గుంటల స్థానాలను కొలిచి గీసినందువల్ల అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఈ గుంటల వెనుక ఎంత శ్రమ ఉన్నదో మధ్యప్రదేశ్‌లోని దరకీ-చట్టాన్ గుహ చెబుతుంది. అక్కడి కఠినమైన క్వార్ట్‌జైట్ రాతిపై ఐదు వందలకు పైగా గిన్నెగుంటలున్నాయి. పరిశోధకులు గిరిరాజ్ కుమార్ బృందం అదే రకం రాతిపై సుత్తిరాయితో కొట్టి పరీక్షించగా, ఒక ప్రయత్నంలో ఎనిమిది వేలకు పైగా దెబ్బలు కొట్టినా రెండు మిల్లీమీటర్ల లోతు రాలేదు. తవ్వకాల ఆధారంతో ఆ గుంటలు పాతరాతియుగం నాటివని వారి వాదన. ముడుమాల్ బృహత్ శిలలు అంత ప్రాచీనమైనవి కావు. కనుక గుంటను చూసిన మాత్రాన దాని వయస్సు చెప్పరాదు.

మన ప్రాంతంలో ముందుగా పోల్చుకోవలసినది ప్రకృతి చేసిన గుంటలను. కోరాపుట్, రాయగడ కొండలలో విస్తారంగా ఉన్న ఖోండలైట్ రాతిలో ఎర్రని గార్నెట్ గింజలుంటాయి. రాయి పుచ్చినప్పుడు అవి రాలి చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. అవి వంకరటింకరగా, ఒకే చారవెంట, రకరకాల పరిమాణాలలో ఉంటాయి. మానవుడు మలచిన గుంట సాధారణంగా గుండ్రంగా, కొద్ది సెంటీమీటర్ల వెడల్పుతో, చిన్న గిన్నె అడుగువలె వంపు తిరిగి ఉంటుంది. చోళ్ళు, సామలు దంచిన రోలుగుంట ఇంతకంటె పెద్దది, లోతైనది, లోపల నున్ననిది. రెండు వరుసలలో ఏడేసి గుంటలుంటే అది వామనగుంటల ఆట అని మన ఇళ్ళలో ఎవరైనా చెబుతారు. ఈ విషయంలో నేనూ పొరబడ్డాను. వాగు ఒడ్డున ఒక బండపై మూడు గుంటలు చూసి, సుద్దముక్కతో చుట్టూ గీసి, పెద్ద ఆవిష్కరణగా భావించాను. అటుగా వచ్చిన ఒక ముసలమ్మ, తన అత్తగారు అక్కడే సామలు దంచేదని చెప్పి నవ్వింది. పొరబాటుకంటె సుద్ద గీతలే నన్ను ఎక్కువ బాధించాయి.

సుద్ద, సిరా, పసుపు, నూనె ఏదీ రాతికి తగలరాదు. అవి రాతి రంధ్రాలలోకి ఇంకిపోయి, తరువాతి పరీక్షలకు అడ్డువస్తాయి. పాచిని గీకరాదు. మెత్తని చీపురుతో ఆకులను తొలగిస్తే చాలు. అన్నిటికంటె ముందు ఊరి పెద్దలను, కొంధు గ్రామమైతే జానిని అడగాలి. మనకు వట్టి బండ వారికి దేవత కావచ్చు.

నమోదుకు ఉదయం, సాయంత్రం అనువైన వేళలు. ఏటవాలు ఎండలో ప్రతి గుంటకూ నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం అదే బండ చదునుగా కనిపిస్తుంది. చీకటిలో టార్చిలైటును ప్రక్కనుండి వేసినా ఇదే ఫలితం. ఫోటోలో స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు ఉండాలి. పలుచని పారదర్శక ప్లాస్టిక్ షీటును బండపై పరచి, గుంటల అంచులను షీటుపై మాత్రమే గీసి, వరుస సంఖ్యలు వేయాలి. ప్రతి గుంట వెడల్పును రెండు దిక్కులా కొలవాలి. గుంట మూతిపై స్కేలును అడ్డంగా ఉంచి, దాని నుండి ఒక సన్నని పుల్లను అడుగు దాకా దించితే లోతు తెలుస్తుంది. బండ పొడవు, వాలు, సమీపంలోని నీటి ఊట, నిలువురాళ్ళు కూడా రాయాలి. గదబల గొతర్ వేడుకలో నిలిపే రాళ్ళ వంటివి ఇటీవలివి కావచ్చు కనుక, ఎవరు ఎప్పుడు నిలిపారో అడిగి రాయాలి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. 1958 నాటి ప్రాచీన స్మారక చట్టం ప్రభుత్వం రక్షితమని ప్రకటించిన స్థలాలకే కాపలా కాస్తుంది. పేరులేని బండకు ఆ రక్షణ లేదు. బళ్ళారి దగ్గరి కుప్గల్ కొండపై కొడితే గంటవలె మోగే నవీన శిలాయుగపు రాళ్ళున్నాయి. వాటిని గూర్చి 2004లో నికోల్ బోయివిన్ రాసినప్పుడే కంకర క్వారీలు ఆ కొండను తొలుస్తున్నాయి. క్రషరుకు చేరిన బండను తిరిగి చూడలేము. గుప్తనిధుల వేటగాళ్ళు మరొక బెడద. గిన్నెగుంటలు నిధికి గుర్తులన్న మాట వట్టి అపోహ. అయినా బండ ఉన్న చోటును బజారులో, ఫోన్లలో చాటరాదు.

సిద్ధమైన నమోదులో ఒక ప్రతిని బండ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపి, ఒకటి ఊరి బడిలో ఉంచాలి. సరిహద్దు గీతకు దగ్గరైతే గ్రామం, బ్లాకు లేదా మండలం పేర్లు స్పష్టంగా రాయాలి. బండ పేరును కుయి, దేశియా, తెలుగు ఏ భాషలో పిలుస్తారో ఆ పలుకుబడిలోనే రాసి, ప్రక్కన ఒడియా లిపిలోనూ రాస్తే రెండు వైపుల అధికారులూ చదువుకోగలరు.